పెద్దమ్మ పట్టిన మూగనోము

పెద్దమ్మ పోయిందన్న కబురు ఆమె కూతురు ఫోను చేసి చెప్పింది. నాగారంలో మా ఇంటి ముందు ముగ్గు వేసి అప్పుడే లోపలికి వస్తున్నాను. "అమ్మ నిద్రలోనే పోయింది. నీకో పని అప్పజెప్పి పోయింది. గదిలో వాళ్ళకు నువ్వే చెప్పాలిట. నేను చెబితే నమ్మరట," అని ఏడుస్తూనే కాస్త నవ్వింది ఆ అక్క.

గది అంటే గోడలున్న గది కాదు. ఊరూరి తెలుగువాళ్ళు కొందరు కంప్యూటరులో చేరి, రాతలో మాట్లాడుకునే చోటు. దాని పేరు ముచ్చట్ల గది. అక్కడ ఎవరికీ సొంత పేరు లేదు, అందరూ పెట్టుకున్న పేర్లే. అందరం పెద్దమ్మ అనే పిలిచినా అక్కడ ఆమె పేరు 'నంబర్ ప్లీజ్'. ఆమె టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. పాతకాలంలో ఫోను ఎత్తగానే ఆపరేటరు అడిగే మాటే పేరుగా పెట్టుకుంది. ఆ పొద్దున నేను గదిలోకి వెళ్ళి, "మన నంబర్ ప్లీజ్ ఇక లేరు" అని రాశాను.  తర్వాత ఒకరు, "ఎవరు చెప్పారు?" అని అడిగారు. "నేను ఆమె పాత పక్కింటిదాన్ని, వాళ్ళ అమ్మాయే ఫోను చేసింది" అన్నాను. అప్పుడు నమ్మారు.

ఆమె గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చున్నాను. నేను పెద్దగా చదువుకున్నదాన్ని కాను. ఐదు పూర్తి చేసి ఆరులో అడుగు పెట్టాను, అంతే. ఈ మాత్రం రాయడం వచ్చిందంటే ఆమె పక్కన, ఆమె కంప్యూటరు ముందు, ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నదే.

పెళ్ళయి పట్నంలో నాచారం వచ్చినప్పుడు నాకు పద్దెనిమిది నిండాయి. మాది జనగామ వైపు పల్లె. మా ఆయన పని సీసాల మూతలు చేసే ఫ్యాక్టరీలో. పొద్దున పోతే మళ్ళీ దీపాలు పెట్టే వేళకే రావడం. నాకు ఎవరితో మాట్లాడాలన్నా నోరు పెగిలేది కాదు. కూరగాయల బండి వచ్చినా వేలితో చూపించి కొనుక్కునేదాన్ని. బండి ఆయన నన్ను మూగపిల్ల అనుకున్నాడని చాలా రోజుల తర్వాత తెలిసింది.

పెద్దమ్మది గోడ అవతలి ఇల్లు. వాళ్ళది భీమవరం వైపు. ఉద్యోగం కోసం వచ్చి ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంది. భర్త పోయాడు. ఒక్క కూతురు పెళ్ళి చేసుకుని అంబర్‌పేట్‌లో ఉంటోంది. ఒకరోజు గోడ మీదుగా పిలిచింది.

"ఏమ్మాయ్, నీకు చదవడం వచ్చా?"

నేను తల ఊపాను.

"ఇంగ్లీషు అక్షరాలు?"

మళ్ళీ ఊపాను.

"అయితే రా. నా కళ్ళజోడు మీద నేనే కూర్చున్నాను. అది బాగయ్యే దాకా నువ్వే నా కళ్ళు."

వెళ్ళి చూస్తే బల్ల మీద కంప్యూటరు, దాని నెత్తిన మడిచి పెట్టిన పాత నూలు చీర ముక్క ఉంది. కూతురు పెళ్ళయి వెళుతూ వదిలిపెట్టిన కంప్యూటరు అది. దాని అద్దంలో ఇంగ్లీషు అక్షరాలు పైకి పాకుతున్నాయి. నేను ఒక్కొక్క అక్షరం కూడబలుక్కున్నాను. ఇంగ్లీషు కాదు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు! నేను చదివిన మొదటి మాట, "ఈ రోజు కూర ఏమిటి?" నాకు నవ్వాగలేదు. ఎక్కడెక్కడి వాళ్ళో, ముఖాలు తెలియనివాళ్ళు, ఇంత పెద్ద యంత్రం ముందు కూర్చుని అడుగుతున్నది కూర గురించా!

"నవ్వుతావేం? జవాబు చెప్పు. ఏం వండావ్?"

"పచ్చిపులుసు," అన్నాను. అదే నాకు గదిలో పేరైపోయింది.

కళ్ళజోడు వారంలో బాగైంది. నేను మాత్రం వెళ్ళడం మానలేదు. పనంతా ముగించుకుని పదింటికి వెళితే, పెద్దమ్మ అప్పటికే జుట్టు గట్టిగా ముడి వేసుకుని, కళ్ళజోడు కొంగుతో తుడుచుకుని, డ్యూటీకి కూర్చున్నట్టు కూర్చునేది. పక్కన మంచినీళ్ళ గ్లాసు. పన్నెండు కాగానే, ఎంత మంచి ముచ్చట నడుస్తున్నా, "నా షిఫ్టు అయింది, అన్నం పెట్టుకోవాలి" అని రాసి లేచేది. మళ్ళీ నాలుగింటికి. మధ్యలో పదిహేను నిమిషాలు కుర్చీ నాకిచ్చి, "కొట్టు, ఒక్క వేలైనా సరే" అనేది. "నీ వేళ్ళకు సిగ్గు పోతే నోటికీ పోతుంది" అని ఆమె నమ్మకం.

మొదట్లో గదిలో రూల్సే లేవట. ఎవరికి కోపమొస్తే వాళ్ళు తిట్టడమే. మనిషిని గది నుంచి బయటికి పంపే మీట గది పెట్టిన అబ్బాయి చేతిలో ఉండేది. దాన్ని తాళం అనేవాళ్ళు. అతనికి నచ్చనివాళ్ళు బయటికి. తర్వాత అతనికి ఉద్యోగం వచ్చింది, తీరిక లేక తాళం పెద్దమ్మకు అప్పగించి వెళ్ళాడు. పెద్దమ్మ ఆ సాయంత్రమే, "ఇది నా ఒక్కదాని చేతిలో ఉంటే నాకు భయంగా ఉంది. ఏం చేద్దామో చెప్పండి" అని గదిని అడిగిందట.

నెల రోజులు కొట్లాడుకుని రూల్స్ వాళ్ళే రాసుకున్నారు. ఎవరి ఫోటో అడగకూడదు, ఊరికి మించి చిరునామా అడగకూడదు. కొత్తగా వచ్చినవాళ్ళను ముందు పలకరించాకే మన ముచ్చట మనం నడుపుకోవాలి. కులం పేరు ఎత్తకూడదు. తప్పు చేసినవాళ్ళకు మూడుసార్లు చెప్పాలి. అప్పటికీ వినకపోతే ముగ్గురు కూర్చుని, అతను చెప్పేది విని, తర్వాతే తీర్పు. ఆ ముగ్గురు గదిలో చేరిన వరుసలో వంతులవారీగా వస్తారు. శిక్ష అంటే మూగనోము: గదిలో ఉండవచ్చు, అందరి మాటలూ చదవవచ్చు, ఏమీ రాయకూడదు. మరీ పెద్ద తప్పయితేనే బయటికి.

"ఎక్స్ఛేంజిలో లైను కట్ చెయ్యడానికి ఒక్క చెయ్యి చాలమ్మా," అనేది పెద్దమ్మ. "కలపడానికి రెండు చేతులూ కావాలి. ఇటు తీగొకటి గుచ్చాలి, అటు తీగొకటి గుచ్చాలి. అందుకే కొత్తగా చేరిన పిల్లలకు మేము ముందు కలపడం నేర్పేవాళ్ళం."

ఆ ఏడు చలికాలంలో వేరే రాష్ట్రం కోసం బందులు మొదలయ్యాయి. బస్సులు లేవు, మా ఆయన ఫ్యాక్టరీ సగం రోజులు మూసే ఉండేది. పనుల్లేని వాళ్ళంతా గదిలోనే. మామూలుగా పదిమంది ఉండేచోట నలభైమంది. కూర గురించి అడిగేవాళ్ళే లేరు. విజయవాడలో రైల్వేలో పనిచేసే ఒకాయన పేరు రైలుబండి. భువనగిరి ఆయన ఒకాయన, పేరు బోనగిరి. ఇద్దరూ అంతకుముందు రోజూ ఒకరినొకరు ఆటపట్టించుకునేవాళ్ళే. ఆ రోజు మాట మాట పెరిగింది. బోనగిరి ఇలా రాశాడు: "మస్తు చెప్పిన్రు గని, ఇగ మూటా ముల్లె సర్దుకోన్రి. వచ్చిన తొవ్వనే పోన్రి అందరు."

నేను పెద్దమ్మ పక్కనే ఉన్నాను. ఆమె ముఖం నాకు కనపడలేదు, వేలు మాత్రం కనిపించింది. ఒక్కసారి నొక్కింది. గదిలో ఉన్నవాళ్ళ పేర్ల వరుసలోంచి బోనగిరి పేరు పోయింది.

మూడుసార్లు చెప్పలేదు. ముగ్గురిని పిలవలేదు. వినలేదు.

"పెద్దమ్మ..." అన్నాను.

"ముప్పై ఏళ్ళు," అన్నది. "వాళ్ళ ఊరికి ట్రంకు కాల్ కావాలంటే కలిపింది నేను. మా ఆయన్ను కాష్టం మీద పెట్టింది ఈ ఊళ్ళో. ఏ మూట సర్దుకోవాలి నేను?"

 మా ఆయన అన్నదమ్ములంతా అప్పుడు ఊరేగింపుల్లో ఉన్నారు. రాష్ట్రం రావాలని నాకూ ఉంది. కానీ ఆమె కళ్ళజోడు తీసి పక్కన పెడితే, మంచినీళ్ళ గ్లాసు ఆమె ముందుకు జరిపాను.

మర్నాడు బోనగిరి నుంచి గదికి కంప్యూటరులోనే ఒక ఉత్తరం వచ్చింది. బూతు లేదు, అరుపు లేదు. "నేను అన్నది తప్పో ఒప్పో ముగ్గురు చెప్పాలె. పెద్దమ్మ ఒక్కామె ఎట్ల చెప్తది? రూల్ అందరికా, మాకేనా?" అంతే.

వంతు చూశారు. మొదటిది కరీంనగర్‌లో టీచరమ్మ, పేరు సుద్దముక్క. రెండో ఆయన కాకినాడ కాజా. మూడో వంతు పచ్చిపులుసుది.

 అప్పటిదాకా నేను గదిలో రాసిందల్లా కూర పేరు, వాన పడుతోందా లేదా. ఇప్పుడు నాకు అమ్మలాంటి మనిషి మీద, ఆమె కంప్యూటరు మీదే, ఆమె ఇంట్లోనే కూర్చుని నేను తీర్పు చెప్పాలి.

"నాతోని కాదు పెద్దమ్మ. వంతు వద్దని రాస్త."

"ముందు అసలు విషయం రాయి," అన్నది. "నా పొరుగుదానివనీ, నా కంప్యూటరు మీదే కొడుతున్నావనీ రాయి. అది దాస్తే తప్పు. ఆ తర్వాత వద్దంటే వాళ్ళే అంటారు."

రాశాను. గదిలో ఒకటే గోల. చివరకు బోనగిరిని అడిగారు. అతను ఉత్తరంలోనే జవాబిచ్చాడు: "ఉండనియ్యిన్రి. ఆమె ఏమంటదో సూద్దాం."

సాయంత్రం నాలుగింటికి ముగ్గురి మాట. పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. తప్పు మోపబడ్డవాళ్ళు ఆ ముగ్గురితో విడిగా మాట్లాడకూడదన్నది రూలు. "నేనిక్కడ ఉండకూడదు," అని చిక్కుడుకాయల గిన్నె పట్టుకుని బయట వసారా మెట్టు మీద కూర్చుంది. లోపల నేనొక్కదాన్నే. కిటికీలోంచి ఆమె వీపు కనిపిస్తోంది. ఈనెలు తీస్తోంది గానీ కాయ కాయకూ మధ్య చాలాసేపు ఆగుతోంది.

కరీంనగర్ టీచరమ్మ ముందు రాసింది: "పెద్దామెకు శిక్ష ఏంది? ఆమె లేకుంటే ఈ గదే లేదు. బోనగిరి తమ్ముడే మాఫీ అడగాలె." కాకినాడ ఆయన, "నాకూ ఆవిడంటే గౌరవమేనండి. కానీ వినకుండా పంపడం తప్పండి. మనం రాసుకున్నదే కదండీ" అన్నాడు. అటొకరు, ఇటొకరు. అందరూ నాకోసం ఆగారు.

ఒక్క వేలితో కొట్టాను. అరగంట పట్టిందేమో. రాసింది నాకిప్పటికీ గుర్తే: "నేను ఆరో తరగతి మొదలువెట్టిన నెలకే బడి మాన్పించిన్రు. పోతవా, ఉంటవా అని నన్ను ఎవ్వలు అడగలే. అడిగితే ఏం చెప్తుంటినో నాకే తెల్వదు. అడగలేదన్నదే యాదికున్నది. బోనగిరి అన్న అన్న మాట తప్పు. ఆయనను అడగకుండ పంపుడు గూడ తప్పు. పెద్దమ్మకు ఏడు రోజులు. అన్నను లోపలికి పిలవాలె."

నన్ను బడి మాన్పించారని గదిలో అంతవరకూ ఎవరికీ తెలియదు.

పెద్దమ్మ లోపలికి వచ్చి, కళ్ళజోడు పెట్టుకుని, రెండుసార్లు చదివింది. "పొయ్యి మీద పాలున్నాయి" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆమె ఇంట్లో ఆ వేళ పొయ్యి మీద పాలు ఉండవని నాకు తెలుసు. చెప్పకుండానే మా ఇంటికి వచ్చేశాను.

మా ఆయనకు జరిగింది చెబితే పగలబడి నవ్వాడు. "ఊకె తల ఊపేదానివి, జడ్జమ్మవైనవా? ఇగ ఆమె నిన్ను ఇంట్ల అడుగు వెట్టనిస్తదా!" ఎగతాళికే అన్నాడు. నేను ఆ రాత్రి అన్నం తినలేదు. ఈ పట్నంలో నాకున్నది ఆ ఒక్క గడప. దాన్ని నా వేలితో నేనే మూసుకున్నానని ఏడ్చాను. మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. పదింటికి గోడ అవతల కుర్చీ జరిపిన చప్పుడు వినపడేది, అంతే.

మూడో రోజు గోడ మీద ఆమె తల కనిపించింది.

"ఏమ్మాయ్, మూగనోము నాకు వేశావా, నువ్వు పట్టావా?"

నేను చీరకొంగు నలుపుతూ నిలబడ్డాను.

"రెండ్రోజులు నీ మీద కోపంగా ఉండిందే. నిజమే చెబుతున్నా. ఇవాళ పొద్దున లేస్తే నా మీద వచ్చింది. చిక్కుడుకాయ కూర చేశాను. రా."

ఆ ఏడు రోజులు తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పెద్దమ్మ షిఫ్టు మానలేదు. పదింటికి ముడి వేసుకుని కూర్చునేది, చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకునేది. చదువుతూ గొణుక్కునేది. కొత్తగా ఒక పిల్ల గదిలోకి వచ్చి ఏదో అడిగితే ఎవరూ సరిగా చెప్పడం లేదు. "అయ్యో, అట్లా కాదు చెప్పేది! ముందు పలకరించండర్రా!" అని కంప్యూటరును అదిలించింది.

"నేను కొట్టాల్నా పెద్దమ్మ?"

"వద్దు! నా మాట నీ వేలితో పోతే నేను కొట్టినట్టే. తాళం పట్టినదే తప్పు చేసింది, పైగా నోము కూడా దొంగనోమా?"

గదిలో వాళ్ళకు ఆమె చదువుతోందని తెలుసు. "నంబర్ ప్లీజ్ గారూ, వింటున్నారా? వింటే ఒకసారి దగ్గండి" అని రైలుబండి ఏడిపించాడు. పెద్దమ్మ నిజంగానే దగ్గింది. ఇద్దరం పొట్ట పట్టుకుని నవ్వాం. నోము అయ్యాక ఆ సంగతి ఆమే గదిలో చెప్పింది.

ఎనిమిదో రోజు పొద్దున ఆమె మొదట రాసింది బోనగిరికే. "నాయనా, నీ మాట నాకు గుచ్చుకుంది. అయినా నిన్ను వినకుండా పంపాను. అది నా తప్పు. ఇకనుంచి తాళం నెలకొకరి దగ్గర ఉండాలని గదిని అడుగుతున్నాను."

 అతను, "నేనన్న మాట నేను గూడ వాపస్ తీసుకుంటున్న పెద్దమ్మ. నువ్వు మూట సర్దకు. రాష్ట్రం మాత్రం అడుగుతనే ఉంట" అన్నాడు.

"అడుగు. అడగడానికేగా గది," అన్నది పెద్దమ్మ. దాని కిందే ఎవరో, "ఈ రోజు కూర ఏమిటి?" అని రాశారు.

తాళం తర్వాత చేతులు మారుతూ మారుతూ ఒక నెల నా దగ్గరికీ వచ్చింది. ఆ నెలంతా నేను దాన్ని ఒక్కసారీ నొక్కలేదు. అయినా రోజూ భయపడ్డాను. ఆమెకు చెబితే, "ఆ భయం ఉన్నన్నాళ్ళు నీకిచ్చినా ఫర్వాలేదు" అన్నది. బడి మాన్పించారన్న సంగతి ఆమె మళ్ళీ ఎత్తలేదు. కాకపోతే పాత పేపర్లు నాకోసం దాచి, "పైకి చదువు, నా కళ్ళు నొప్పి" అనేది. ఆ కళ్ళు గదిలో అక్షరాలు చదవడానికి మాత్రం నొప్పి పుట్టేవి కావు. ఇప్పుడు కూరగాయల బండి దగ్గర నేను బేరమాడితే మా ఆయన చెవులు మూసుకుంటాడు.

మేము నాగారంలో చిన్న ఇల్లు కట్టుకుని వచ్చేశాం. అందరి చేతుల్లోకీ కొత్త ఫోన్లు వచ్చాక గది పలచబడింది. ఇరవైమంది మిగిలారు, తర్వాత పదిహేను. రాష్ట్రం వచ్చిన రోజు బోనగిరికి అందరికంటే ముందు శుభాకాంక్షలు రాసింది పెద్దమ్మే. "సంతోషం నాయనా. అడిగి తెచ్చుకున్నావు," అన్నది. అప్పటికే ఆమె చేతివేళ్ళు వణుకుతున్నాయట. ఆ రెండు మాటలు రాయడానికి చాలాసేపు పట్టిందని కూతురు చెప్పింది.

పదకొండో రోజుకు గదివాళ్ళను రమ్మనవచ్చా అని నేను కూతురిని అడిగాను. చిరునామా అడగకూడదన్నది రూలు. ఇంటివాళ్ళే పిలిస్తే తప్పు లేదని గది ఒప్పుకుంది. నాచారంలో ఆ ఇంటి ముందు వేసిన షామియానా కింద, ఒకరినొకరు ఎప్పుడూ చూసుకోనివాళ్ళు తొమ్మిదిమంది చేరాం. బంధువులు మావైపు వింతగా చూశారు. కూతురు ఒక్కొక్కరి దగ్గరకూ వచ్చి, అమ్మకు ఏమవుతారని అడిగింది. ఎవరికీ ఏం చెప్పాలో తెలియలేదు. సగం నెరిసిన మీసాలతో, పొట్టిగా, తెల్లచొక్కా వేసుకున్న ఒకాయన మాత్రం చేతులు కట్టుకుని చెప్పాడు.

"మీ అమ్మ నన్నొకసారి ఇంట్లకెళ్ళి ఎల్లగొట్టింది, అక్కా. మల్ల పిలిచింది."

కూతురు అర్థంకాక నావైపు చూసింది. నేను గట్టిగా, అందరికీ వినపడేట్టు, "వీరు బోనగిరి అన్న," అన్నాను. ఆయన నన్ను చూసి, "పచ్చిపులుసువా? ఇంత సన్నగున్నవేంది!" అన్నాడు. ఆ పక్కన ఉన్న పొడుగాటి ఆయన కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆయన రైలుబండి.

భోజనాలయ్యాక రెండు ఆటోలు ఎక్కి ఉప్పల్ చౌరస్తాకు వచ్చాం. మెట్రో కోసం కడుతున్న స్తంభాల కింద నీడలో తొమ్మిదిమందిమీ నిలబడ్డాం. ఒకరు అంబర్‌పేట్, ఒకరు సికింద్రాబాద్ స్టేషన్, ఒకరు భువనగిరి, నేను నాగారం పోవాలి. ఎవరో ఆమె దగ్గిన రోజు గురించి ఎత్తారు. వరంగల్ బస్సు వచ్చింది, కండక్టరు "బోనగిరి, బోనగిరి" అని పిలిచాడు. ఆ అన్న వినపడనట్టే నిలబడి చెబుతున్నాడు. బస్సు వెళ్ళిపోయింది. స్టేషన్ బస్సు వచ్చి ఆగింది, అదీ వెళ్ళిపోయింది. నా బస్సూ వచ్చింది. దుమ్ము రేపుకుంటూ అన్నీ వచ్చి పోతున్నాయి, ఒక్కరమూ చెయ్యెత్తడం లేదు.